తంబాకు ఎగరని గాలి

శ్రవణ్ మీట నొక్కగానే గదిలో బీడీలు చుడుతున్న ముగ్గురు ఆడవాళ్ళూ ఒక్కసారే తమ చాటల మీదికి వంగి, రెండు చేతులూ అడ్డం పెట్టారు. అది భయం కాదు, వృత్తి. ఒళ్ళో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, అంచున తంబాకు పొడి పెట్టుకుని పొద్దంతా బీడీలు చుట్టే మనిషికి గాలి ఏ దిక్కునుంచి వచ్చినా నష్టమే. పొడి ఎగిరిపోతుంది. తడిపి ఉంచిన ఆకు ఎండి పెళుసెక్కుతుంది. అందుకే కోరుట్లలోని ఆ రేకుల గదిలో, కప్పుకు బిగించిన ఫ్యాను ఏనాడూ తిరిగి ఎరగదు. ఇప్పుడు గాలి పైనుంచి రాలేదు. మూలన ఇనుప బల్ల మీదున్న కంప్యూటర్ డబ్బా వెనక నుంచి బయలుదేరి, గోడకు కొట్టుకుని, నేల మీదికి దిగింది.

"యా అల్లా! తంబాకంత నా కండ్లల్ల కొట్టింది," పక్కింటి సర్వర్ బీ కొంగుతో ముఖం తుడుచుకుంది. "గిది కంప్యూటరా, పంకానా బేటా?"

"మూడు పంకాలు చిన్నమ్మా," అన్నాడు శ్రవణ్, తన వస్తువును మెచ్చుకున్నదనుకుని.

జగిత్యాలలో అతనికి ఫొటో స్టూడియో ఉంది. అతని మనుషులు తీసిన పెళ్ళి వీడియోలను మూడేళ్ళుగా ఈ మూలన కూర్చుని భాగ్య కూరుస్తోంది. ఏ దృశ్యం ఎక్కడ కోయాలో, పెండ్లికూతురు తల్లి కన్నీళ్ళు ఎంతసేపు ఉంచాలో, బ్యాండు మోత ఎక్కడ తగ్గించాలో ఆమే తేలుస్తుంది. వీడియో చివర పడేది మాత్రం స్టూడియో పేరు. ఆమె పాత యంత్రం మీద, కోసి అతికించిన ముక్కలన్నీ ఒక్క వీడియోగా తయారవడానికి తొమ్మిది గంటలు పట్టేది. ఆ ఆలస్యం పోగొట్టడానికే శ్రవణ్ ఈ బుధవారం స్వయంగా వచ్చి, తన స్టూడియోలోని పాత గ్రాఫిక్స్ కార్డును తెచ్చి బిగించాడు.

"రెండేండ్లు నా దగ్గర నడిచింది. ఒక్కనాడు సుత ఆగలె. నీకు ఊకెనే ఇస్తున్న చెల్లె. ఒక్కటే మాట, గీ సీజనంత నా పనే చెయ్యాలె. బయిటిది ముట్టద్దు."

"మంచిదైతే మీ దగ్గర ఎందుకు తీసేసిన్రన్నా?" అని అడిగింది భాగ్య.

"ఆడ కష్టమర్లు ఆల్బం సూస్కుంట కూసుంటరు గద. ఏసీ గది. గీ మోత, గీ ఉక్క ఆడ బాగుండది. నీకేమున్నది? ఇల్లే కదా."

ఆ మాటలో అతనికి చెడు ఉద్దేశం లేదు. ఉద్దేశం లేకుండా అనగలిగాడు కనుకనే అది ఆమెలో దిగింది.

"వేడి కాదా?"

"అరువై రెండు డిగ్రీలు దాటది. గిదో, సూడు," తెర మీద అంకెను వేలితో కొట్టి చూపాడు. "గింత పని చేసుకుంట గింత సల్లగుండే కార్డు జిల్లాల లేదు. ఐతారం వస్త. నచ్చితే నీ దగ్గరనే ఉంటది. లేకుంటే నా కార్డు నాకియ్యి, పని ఇంకొకనికి సూస్కుంట."

అతను పోయాక భాగ్య అత్త మొగిలవ్వ చాటలోని పొడిని రెండు అరచేతులతో దగ్గరికి లాగి, మళ్ళీ కుప్ప చేసింది. "అది నడిచినంతసేపు నేను అటు తిరిగి కూసుంట తీయ్," అంది. అటు తిరిగితే కిటికీ వెలుతురు వీపు మీద పడుతుంది, ఆకు మీద కాదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

*

గురువారం పొద్దున్నే భాగ్య బీర్పూర్ పెళ్ళిని కొత్త కార్డు మీద పెట్టింది. గంటా నలభై నిమిషాల్లో తయారైంది. ఆమె రెండుసార్లు గడియారం చూసుకుంది. తొమ్మిది గంటల పని. నిజమే.

ఆ గోడ గడియారం ఆమె భర్త రమేశ్ మస్కట్ నుంచి పంపినది. గంటల కింద చిన్న గడిలో గది వేడిని కూడా చూపిస్తుంది. పని పెట్టినప్పుడు అది ముప్పై ఎనిమిది. పని ముగిసినప్పుడు నలభై రెండు. బయట వడగాలికి తలుపు వేసే ఉంది. రేకుల మీది ఎండ పైనుంచి, కార్డు మూల నుంచి, మధ్యలో మనుషులు.

బీడీలు చుట్టేవాళ్ళలో మూడో ఆమె, లచ్చవ్వ, ముందు లేచింది. "మా ఇంట్ల పొయ్యి మీద పప్పున్నది," అని చాట నడుముకు ఆనించుకుని పోయింది. మళ్ళీ రాలేదు. మొగిలవ్వ తడి గోనె విప్పి ఆకు తీసింది. రెండు వేళ్ళ మధ్య మడవగానే అది చిట్లింది. ఇంకొకటి తీసింది. అదీ చిట్లింది. గోనె మీద నీళ్ళు చిలకరించి, చాప చుట్టుకుని బయట చూరు కిందికి వెళ్ళింది. సర్వర్ బీ వెనకే నడిచింది.

ఆ చూరు నీడ వెడల్పు మూడడుగులు. పదకొండు గంటలకు రెండయింది. పన్నెండు దాటాక ఒకటిన్నర. నీడ ఇరుకవుతున్న కొద్దీ మొగిలవ్వ చాపను వెనక్కి లాక్కుంది. నాలుగోసారి లాగేసరికి వీపు గోడకు తగిలింది, మోకాళ్ళు ఎండలో మిగిలాయి. చాట మీద మాత్రం ఎండ పడనివ్వలేదు. భాగ్య కిటికీలోంచి ఇదంతా చూసింది.

గదిలో ఆమె తండ్రి కొమురయ్య ఒక్కడే మిగిలాడు. సిరిసిల్లలో మరమగ్గాల మీద ముప్పై ఏళ్ళు గడిపిన మనిషి. సాంచలనే అంటాడు వాటిని. షెడ్డు మూతపడి ఎనిమిది నెలలైంది, అప్పటి నుంచి కూతురి దగ్గరే ఉంటున్నాడు. చెవిలో నోరు పెట్టి మాట్లాడితే తప్ప మాట అందదు. అటువంటివాడు కుడి చెవిని అరచేత్తో మూసుకుని మంచం మీద కూర్చున్నాడు.

"చెవుల నొప్పా బాపూ?" ఆమె చెవి దగ్గరికి వంగింది.

"నొప్పి కాదు బిడ్డా. సాంచ మోత ఎంత పెద్దగున్నా ఒక్క తీరుగుంటది. దాంట్ల నిద్ర సుత పడుతది. గీ దానిది ఎక్కుతది, దిగుతది, మల్ల ఎక్కుతది. ఎప్పుడు ఎక్కుతదో అని పానం గుంజుతది." లేచి తువ్వాల భుజాన వేసుకున్నాడు. "జెర బయిట కూసుంట."

మధ్యాహ్నానికి గదిలో భాగ్య, కార్డు మిగిలారు. పని మాత్రం అద్భుతంగా సాగుతోంది.

మరునాడు పొద్దున టేకేదారు బీడీలు చూసి తీసుకునే చోట, కోడలు పక్కన ఉండగానే, మొగిలవ్వ కట్టలు విప్పించుకుంది. ఆయన ఒక్కొక్క కట్టలోంచి ఒకటి లాగి, వేలితో నొక్కి, మూతి చిట్లినవి గంపలోకి విసిరాడు. ఎనభై దాకా పోయాయి.

"ఏందమ్మా, ఎండల ఆరబెట్టి సుట్టినవా? ముప్పై ఏండ్ల నుంచి సుడుతున్నవు, గిప్పుడు నేర్సుకుంటున్నవా? ఇంకో రెండుసార్లు గిట్లయితే ఆకు తక్కువిస్త."

మొగిలవ్వ కోడలి వైపు చూడలేదు. తిరిగి వచ్చే దారిలో మాత్రం, "నువ్వేం మనసుల వెట్టుకోకు. నీ పని నువ్వు చెయ్యి. రెండు మూడు వారాలే గద సీజను," అంది.

భాగ్య లెక్క వేసుకుంటూ నడిచింది. రమేశ్ పోయిన నెల పంపిన డబ్బు ఇంకా బ్యాంకులోనే ఉంది. 'ఎండలు మస్తున్నయి, కూలర్ కొనుక్కోండ్రి' అని పంపాడు. తల్లి బీడీలు చుట్టే గదిలోకి కూలర్ గాలి రాకూడదని, ఆ గదిలోనే పుట్టి పెరిగిన కొడుకు నాలుగేళ్ళలో మరిచిపోయాడు. ఎవరూ అతనికి గుర్తు చేయలేదు. వాయిదా వేస్తూ వచ్చారు.

ఇంటికి చేరగానే ఆమె డబ్బా విప్పి కార్డు ఊడదీసింది. పాత గుడ్డలో చుట్టి సంచిలో పెట్టింది. ఒక టిఫిన్ గిన్నెలో అత్త తడిపిన ఆకులు ఆరు, ఒక కాగితం పొట్లంలో గుప్పెడు తంబాకు, ఒక పెన్‌డ్రైవ్‌లో బీర్పూర్ పెళ్ళి. జగిత్యాల బస్సెక్కింది.

*

ఆదిల్ దుకాణం పాత బస్టాండు సందులో మొదటి అంతస్తు మీద ఉంటుంది. అతను భాగ్య తెచ్చిన గుడ్డను విప్పి, కార్డును వెలుతురుకు తిప్పి, మూడుసార్లు తుమ్మాడు.

"అక్కా, దీన్ల పది బీడీలకు సరిపోయే తంబాకున్నది! ఎక్కడ పెట్టిన్రు దీన్ని?"

"బీడీలు సుట్టే కాడ. రెండే రోజులు."

రెక్కల మధ్య మరొకసారి చూసి, "గిది శ్రవణన్నది గద?" అన్నాడు. "నేనే ఊడదీసిన. కష్టమర్లు నెత్తి నొస్తుందంటున్నరు, ఏసీ సుత సరిపోతలేదని తీయించిండు. చప్పుడు లేనిది పెట్టుమన్నడు. పెట్టిన."

"ఏది పెట్టినవు?"

ఆదిల్ గోడ మీది అరలోంచి ఒక పెట్టె దించాడు. రెండు ఫ్యాన్ల కార్డు. ధరలో నడిమి రకం. భాగ్య దాన్ని చేతిలోకి తీసుకోలేదు. మొదట దాని పక్కనున్న చిన్న పెట్టె మీద చెయ్యి పెట్టింది.

"గిదీ?"

"ఒక్క పంకాది. చిప్పు అదే, పని సుత అంతే. కొంచెం సస్తా. ఆడోళ్ళు, ఇంట్ల వాడేటోళ్ళు గిదే కొంటరు, చిన్నగుంటదని."

"మూడింటినీ నడిపించు. నా వీడియో మీదనే. ఒక్కొక్కటి అరగంట."

"అరగంటా? అక్కా, కొనేటోళ్ళు పెట్టె మీది బొమ్మ సూసి కొంటరు."

"నేను గదిల పెట్టుకునేదాన్ని."

ఆదిల్ పరీక్షలకు వాడే తెరిచిన యంత్రాన్ని బల్ల మీదికి లాగాడు. ప్లగ్గు దగ్గర, యంత్రం ఎన్ని వాట్లు లాగుతోందో చూపే చిన్న మీటరు తగిలించాడు. మొదట శ్రవణ్ కార్డు బిగించాడు. భాగ్య టిఫిన్ తెరిచి, రెండు తడి ఆకులను కార్డు వెనక జానెడు దూరంలో పరిచింది. వాటి పక్కన కాగితం మీద చిటికెడు తంబాకు పోసింది. కంప్యూటర్ ఆటల కార్డుల కోసం వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు.

"అక్కా, బీడీ ముట్టిచ్చే కార్డు గావాల్నా?" అన్నాడొకడు.

"ముట్టియ్యనిది గావాలె," అంది భాగ్య, తల తిప్పకుండా.

మూడు ఫ్యాన్లు లేచాయి. కాగితం మీది పొడి మొదటి నిమిషంలోనే బల్ల చివరకు పోయింది. అరగంట చివర ఆమె ఆకు మడిచింది. అది రెండు ముక్కలైంది. కుర్రాళ్ళు ఈసారి నవ్వలేదు.

ఒక్క ఫ్యాను కార్డు వంతు వచ్చింది. పొడి కొద్దిగానే జరిగింది. ఆకు మెత్తగానే ఉంది. కానీ పదో నిమిషం నుంచి దాని చిన్న ఫ్యాను గొంతెత్తి అరవడం మొదలుపెట్టింది. పని తగ్గగానే దిగేది, పెరగగానే లేచేది. తండ్రి అరచెయ్యి ఆమెకు గుర్తొచ్చింది. "తీసెయ్," అంది.

చివరికి రెండు ఫ్యాన్లది. లోహపు రెక్కలు వెడల్పు, ఫ్యాన్లు పెద్దవి, నింపాదిగా తిరిగాయి. భాగ్య తెర మీది అంకె చూసి ముఖం ముడిచింది.

"గిది అరువై తొమ్మిది సూపెడుతున్నది. శ్రవణన్నది అరువై రెండే. అంటే అదే సల్లన గద?"

"అందరు గీడనే బోల్తా పడుతరక్కా." ఆదిల్ మొదటిసారి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "అది కార్డు ఒంట్ల వేడి. గదిల వేడి కాదు. వేడిని ఎంత జల్ది బయిటికి తోస్తే కార్డు గంత సల్లగుంటది. గదిలకు వచ్చేదేందో గీ మీటరు సెప్తది. శ్రవణన్న కార్డు ఒక్కటే రెండొందల యాభై వాట్లు లాగుతున్నది. గిది నూట పదిహేను. ఎన్ని వాట్లు లాగుతదో గన్ని వాట్ల పొయ్యి నీ గదిల పెట్టినట్టె."

భాగ్య మీటరు మీది అంకెను మరొకసారి చదివింది. కార్డు చల్లగా ఉండటానికి గదిని కాలుస్తుంది. గది కాలకుండా ఉండాలంటే కార్డును ఇంకొకరి గదిలో పెట్టాలి. రెండూ ఒకే లెక్క. శ్రవణ్ అబద్ధం చెప్పలేదు, తన వైపు నుంచి కొలిచాడు, అంతే.

"పని?"

"నీ పెండ్లి మొత్తానికి అందాజ రెండున్నర గంటలైతది. శ్రవణన్న దాని మీద గంట నలుపై. యాభై నిమిషాలు లేటు. మరి నీకు జల్ది గావాల్నంటే…"

తొమ్మిది గంటలతో పోలిస్తే రెండున్నర గంటలు ఏ పాటివి? ఆ యాభై నిమిషాలు ఎవరికి కావాలి? పెండ్లివాళ్ళు అడగలేదు. ఆమె అడగలేదు. ఆ తేడాను ఇప్పటిదాకా మోసింది మొగిలవ్వ మోకాళ్ళు.

ఆమె వంగి కాగితం చూసింది. తంబాకు కుప్ప ఒక పక్కకు కొద్దిగా ఒరిగింది, అంతే. ఆకును నాలుగు మడతలు వేసింది. చిట్లలేదు.

"కట్టు," అంది. కూలర్ కోసం వచ్చిన డబ్బు ఆ పూట ఆదిల్ దుకాణంలో చేతులు మారింది.

*

శనివారం ఆమె తండ్రిని తీసుకుని సిరిసిల్ల వెళ్ళింది. షెడ్డులో కొమురయ్య పక్కన నూలు కండెలు చుట్టిన సుశీల కూతురి పెళ్ళి. సుశీల భర్త నిరుడే గల్ఫ్‌కు పోయాడు, రెండేళ్ళు నిండనిదే కంపెనీ వదలదు. ఆదివారం మధ్యాహ్నం అతని భోజనాల వేళకు పెళ్ళి వీడియో అందాలని సుశీల పది రోజులుగా ఫోను చేస్తోంది. శ్రవణ్ ముట్టవద్దన్న బయటి పని ఇదే.

పందిట్లో కెమెరా మనిషి మెమరీ కార్డులను భాగ్య డిస్కులోకి ఎక్కిస్తుండగా సుశీల తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది.

"పాణిగ్రహణం కాడ ఆయన ఫోన్ల ఉన్నడు బిడ్డా. సగంల లైను తెగింది. గది మాత్రం కొయ్యకు, మొత్తం ఉంచు."

"ఉంచుత."

"నీ పేరు సుత ఏస్కో. చేసిందెవరో ఆయనకు తెల్వాలె గద."

భాగ్య తల ఎత్తి చూసింది. మూడేళ్ళలో ఆ మాట ఎవరూ అనలేదు.

తండ్రి కనిపించక వెతుక్కుంటూ పోతే, సందు చివర ఒక షెడ్డు గోడకు అరచెయ్యి ఆనించి నిలబడి ఉన్నాడు. లోపల సాంచలు నడుస్తున్నాయి. పక్క షెడ్డుకు తాళం. అతని పెదవులు కదులుతున్నాయి, లెక్కపెడుతున్నాడు.

"పుల్లీలు మార్చిన్రు. నిమిషానికి ఇరవై దెబ్బలు ఎక్కువ కొట్టిపిస్తున్నరు."

"చెవులు ఇనవడయి గద, ఎట్ల తెలుస్తది?"

"చెవులెందుకు? గోడ సెప్తలేదా?" చెయ్యి తీసి, అంటిన సున్నం దులుపుకున్నాడు. "మా సేటు సుత గిట్లనే మార్చిండు. సాంచ ఉరికితె దారం తెగుతది. తెగితె ఆపాలె, అతకాలె, మల్ల నడపాలె. మాపటికి బట్ట సూస్తె ఓ మీటరో రెండో ఎక్కువ. గంతదానికి షెడ్డంత ఉడుకు, మోటర్లు కాలుడు, మా రెక్కలు ఇరుగుడు."

"మరి ఊకున్నరా?"

కొమురయ్య అటూ ఇటూ చూశాడు. ఎనిమిది నెలల కింద మూతపడిన షెడ్డు రహస్యాన్ని ఇప్పటికీ కాపాడుతున్నట్టు గొంతు తగ్గించాడు. "నా నాలుగు సాంచలకు పాత పుల్లీలే ఏసుకున్న. సాటుగ."

"సేటు పట్టుకోలేదా?"

"ఏమని పట్టుకుంటడు? బట్ట గంతే దిగుతాంటె!" నోట్లో మిగిలిన పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు.

తిరుగు బస్సులో అతను నిద్రపోయాడు. భాగ్య నిద్రపోలేదు. నిన్న సాయంత్రం కొత్త కార్డు బిగించి చూసుకుంది. పొడి ఎగరలేదు, ఆకు చిట్లలేదు, కానీ గది వేడి అయినా రెండు డిగ్రీలు పెరిగింది. ఫ్యాన్లు కూడా, నెమ్మదిగానే అయినా, లేచి దిగుతున్నాయి. తండ్రి మంచాన్ని గడప దాకా జరుపుకున్నాడు. కార్డు ఎంత కరెంటు లాగవచ్చో కట్టడి చేసే గీత ఒకటి దాని సాఫ్ట్‌వేర్‌లో ఉందని ఆమెకు తెలుసు. అందరూ దాన్ని పైకి జరపడం గురించే చెబుతారు. కిందికి జరిపితే ఏమవుతుందో ఆమె ఎన్నడూ చూడలేదు.

*

ఆదివారం పొద్దున ఆరింటికి ఆ గీతను నూరు శాతం నుంచి డెబ్బైకి దించింది. నూట పదిహేను వాట్లు ఎనభై అయ్యాయి. ఒక చిన్న ముక్కను పెట్టి చూసింది. వేగం డెబ్బైకి పడిపోతుందనుకుంది. తొంభై నాలుగు దగ్గర ఆగింది. నమ్మక మళ్ళీ పెట్టింది. తొంభై నాలుగే. ఆ చివరి ఆరు పాళ్ళ కోసమే కార్డు ముప్పై అయిదు వాట్లు కాలుస్తోంది. ఫ్యాన్ల వేగాన్ని కూడా ఒక్క చోట నిలిపి కట్టేసింది. మోత ఒక్క తీరుగా, చాలా కింద, పక్కింట్లో ఎవరో తిరగలి విసురుతున్నట్టు ఉంది.

రాత్రంతా కూర్చిన సిరిసిల్ల పెళ్ళిని ఎనిమిదిన్నరకు పెట్టింది. చూరు కింద చాప పరుచుకుంటున్న అత్త దగ్గరికి వెళ్ళి, ఆమె చేతిలోని చాట తీసుకుంది.

"లోపలికి రా అత్తా."

"నడుస్తలేదా నీ మిషిని?"

"నడుస్తున్నది. నువ్వొచ్చి సూడు."

మొగిలవ్వ కిటికీ కింద, తన పాత చోటులో, అనుమానంగా కూర్చుంది. కాసేపు పొడి మీద చెయ్యి అడ్డుపెట్టే ఉంచింది. తరువాత తీసింది. తరువాత గోడ అవతలికి గొంతెత్తింది. "సర్వర్ బీ! లచ్చవ్వను సుత తోలుకరా!"

శ్రవణ్ పదింటికి వచ్చాడు. తలుపు తెరవగానే ఆగిపోయాడు. ముగ్గురు ఆడవాళ్ళు వరసగా కూర్చుని చుడుతున్నారు. గడప దగ్గరి మంచం తిరిగి లోపలికి చేరింది, దాని మీద కొమురయ్య గోడ వైపు తిరిగి నిద్రపోతున్నాడు. గడియారం కింద గడిలో ముప్పై తొమ్మిది. పొద్దుటికంటే ఒక్కటి ఎక్కువ, అదీ ఎండది.

"ఏంది చెల్లె, మిషిని బంద్ వెట్టినవా? నా పని అయిపోయిందా?"

"నడుస్తున్నది."

అతను నమ్మలేదు. బల్ల దగ్గరికి వంగి, డబ్బా వెనక అరచెయ్యి పెట్టాడు. అక్కడ గోడ పక్కన ఒక కాగితం మీద తంబాకు చిన్న కుప్పగా పోసి ఉంది. కుప్ప కొస ఇంకా కొసగానే ఉంది. తెర వైపు చూశాడు. పచ్చ పట్టీ సగం దాటింది.

"గిదెవరి పెండ్లి?"

"సిరిసిల్లది. నా పని."

శ్రవణ్ నిటారుగా నిలబడ్డాడు. "ఒక్క మాటనే సెప్పిన నీకు."

"కార్డుంటె గద ఆ మాట." భాగ్య బల్ల కింది నుంచి గుడ్డ మూట తీసి అతని ముందు పెట్టింది. "బ్రష్షుతోని తుడిచిన. రెక్కల సందుల ఒక్క రవ్వ తంబాకు లేదు. మంచి కార్డే అన్నా. మీ ఏసీ గదిల పెట్టుకుంటె ఇంక మంచిగ నడుస్తది."

సర్వర్ బీ దగ్గు వచ్చినట్టు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆదిల్ కాడికి పోయినవన్నట్టు." అతను మూట ముడిని వేలితో తడిమాడు. "ఎంతసేపు పడుతది గీ దాని మీద?"

"రెండు గంటల నలుపై నిమిషాలు."

"నాది గంట నలుపై!"

"ఆ గంట ఎవలకు గావాలె? పెండ్లోళ్ళు మీకు వారం టైమిస్తరు. ఆ గంట కోసం మా అత్త ఎండల కూసున్నది. ఎనభై బీడీలు గంపల వడ్డయి. మీ దుకాణంల ఉండద్దన్న మోతను మా బాపు ఇన్నడు. నేను తప్పు వడుతలేను. లెక్క సెప్తున్న."

శ్రవణ్ మూట చంకన పెట్టుకుని గడప దాటాడు. బండి దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. అతని భుజాన ఉన్న సంచిలో ఈ వారం తీసిన మూడు పెళ్ళిళ్ళ డిస్కులు ఉన్నాయని భాగ్యకు తెలుసు. స్టూడియోలో కూర్చుని కూర్చే మనిషి ఉగాదికే హైదరాబాదు వెళ్ళిపోయాడని కూడా తెలుసు. ఆమె కుర్చీలోంచి లేవలేదు. ధ్వని గీతను దగ్గరికి లాగి, లైను తెగిన చోట సుశీల భర్త ఫోన్లో అంటున్న "ఇనవడుతుందా, ఇనవడుతుందా" అన్న మాటలను మరొకసారి విన్నది. ఉంచాలా తీయాలా అన్నది రాత్రే తేల్చుకుంది. ఉంచింది.

అతను తిరిగి వచ్చాడు. ఒక డిస్కు తీసి బల్ల మీద పెట్టాడు.

"బుధారం వరకు అయితదా?"

"అయితది. పేరు పడుతది. మీ స్టూడియో పేరు కింద, కూర్పు భాగ్య, కోరుట్ల." డిస్కు మీద చెయ్యి వెయ్యకుండా ఎదురు చూసింది.

బయట ఎవరో మేకలను తోలుకుపోతున్నారు. వాటి మెడ గంటల చప్పుడు దూరమయ్యేలోపు అతను సంచిని రెండుసార్లు మూసి తెరిచాడు.

"చిన్న అచ్చరాలు ఏయి," అన్నాడు చివరికి.

"సదివేటంత ఏస్త."

అప్పుడు డిస్కును దగ్గరికి తీసుకుంది. శ్రవణ్ వెళ్ళేటప్పుడు మెట్ల మీద మూటను ఒక చంక నుంచి ఇంకో చంకకు మార్చుకున్నాడు. ఆ కార్డు ఇప్పుడు ఏ గదికి పోతుందో ఎవరూ అడగలేదు.

పదకొండు దాటి పది నిమిషాలకు సిరిసిల్ల పెళ్ళి తయారైంది. పన్నెండింటికల్లా సుశీల భర్త ఫోనుకు చేరింది. రెండింటికి అతని దగ్గర నుంచి ఒక చిన్న మాట వచ్చింది, అక్షరాల్లో కాదు, గొంతులో. "సూసిన బిడ్డా. మల్ల సూస్తున్న." వెనక పళ్ళేల చప్పుడు.

ఆ వెంటనే రమేశ్ ఫోను. మస్కట్‌లో అతనికీ అది భోజనాల వేళే. భాగ్య చేతులు ఖాళీ లేక, ఫోనును స్పీకరులో పెట్టి అత్త చాట పక్కన ఉంచింది.

"అవ్వా, మంచిగున్నవా? ఆడ నలుపై నాలుగట గద ఎండ! కూలర్ కొన్నరా లేదా?"

భాగ్య చేతులు ఆగాయి. సర్వర్ బీ, లచ్చవ్వ తలలెత్తారు. మొగిలవ్వ బీడీ చుట్టడం ఆపలేదు. దారం రెండు చుట్లు తిప్పి బిగించింది, బొటనవేలి గోటితో మూతి లోపలికి నొక్కింది. ఒకసారి మూలనున్న డబ్బాను, దాని వెనక కదలకుండా ఉన్న తంబాకు కుప్పను చూసింది.

"కొన్నం కొడుకా."

"ఎట్లున్నది? మంచిగ కొడుతుందా గాలి?"

"గాలి గిట్ల ఏం కొట్టది," అంది మొగిలవ్వ. "గందుకే కొన్నం." బీడీని కట్టలో చేర్చి, ఇంకొక ఆకు కోసం తడి గోనె విప్పింది.